ఇంట్లో బోల్టు రైఫిల్ బాగుచేసుకోవడం: మన నెల్లూరు, ప్రకాశం వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మన రెండు జిల్లాల్లో లైసెన్సు రైఫిల్ ఉన్న ఇళ్ళు తక్కువే, కానీ ఆ కొద్దిమందికీ వచ్చే అనుమానాలు మాత్రం ఒక్కటే. పెళ్ళిలో కలిసినా, కలెక్టరాఫీసు వరండాలో కలిసినా అవే అడుగుతారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి, ఇక రాసిపెడదామని కూర్చున్నాను. నా చేతిలో ఉన్నది మా తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి నాకు వచ్చిన .315 రైఫిల్. ఇల్లు కావలి దగ్గర, సముద్రం గాలి తగిలే ఊళ్ళో. కాబట్టి ఇక్కడ తుప్పు గురించి కొంచెం ఎక్కువే ఉంటుంది.

## చెయ్యి పెట్టే ముందు

అన్నా, నా రైఫిలే గదా, ఇంట్లో నేనేం చేసుకున్నా తప్పేంది?

రైఫిల్ మీదే, ఆ హక్కు మాత్రం లైసెన్సుది. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ తయారు చేయడానికే కాదు, మార్చడానికీ రిపేరు చేయడానికీ వేరే లైసెన్సు ఉండాలి. మీ దగ్గరున్నది ఉంచుకోవడానికీ, తీసుకెళ్ళడానికీ ఇచ్చిన లైసెన్సు. నేను పెట్టుకున్న గీత ఇది: తుడవడం, నూనె రాయడం, వదులైన స్క్రూ బిగించడం, చెక్కకు మెరుగు పెట్టడం, బెల్టు మార్చడం నా పని. ఇనుమును కొయ్యడం, ఆకురాయితో రాయడం, రంధ్రం వెయ్యడం, వెల్డింగు పెట్టడం లైసెన్సు ఉన్న ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే పనివాడు) పని. గీతకు ఇటా అటా అని అనుమానం వచ్చిన ప్రతిదీ అటే అనుకుంటాను. ఇన్నేళ్ళలో దానివల్ల నాకు నష్టం జరగలేదు.

గొట్టం పొడుగ్గా ఉంది, జీపులో పట్టడంలేదు. రెండంగుళాలు కోయించొచ్చా?

వద్దు. గొట్టం పొట్టి చేయడం గురించి చట్టంలో విడిగా 6వ సెక్షనే ఉంది. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి శిక్ష ఏడేళ్ళకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. జీపు మార్చుకోవడం చవక.

లేత్ మిషన్ షాపులో మా బావమరిది ఉన్నాడు, బోల్టు ఒక్కటి తీసుకెళ్తే చాలంటున్నాడు...

బోల్టు (తూటాను లోపలికి తోసి వెనక మూసే కడ్డీ) ఒక్కటైనా చట్టం దృష్టిలో తుపాకీయే, ఎందుకంటే తుపాకీ భాగాలను కూడా ఆ నిర్వచనంలోనే కలిపారు. లైసెన్సు లేని చేతిలో అది దొరికితే మీకూ, బావమరిదికీ ఇద్దరికీ కేసే. అదీగాక లేత్ షాపులో ఎంత పనిమంతుడున్నా మోటారు షాఫ్టు వేరు, బోల్టు వేరు. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే ఒత్తిడంతా మీ కంటికి జానెడు దూరంలో ఆగేది ఆ బోల్టు మీదే. రిపేరుకు పంపాల్సి వస్తే లైసెన్సు ఉన్న డీలరుకే పంపండి. మీరు వెళ్ళలేకపోతే మీ రాతపూర్వక అనుమతితో ఇంకొకరు రిపేరుకు తీసుకెళ్ళే వీలు 3వ సెక్షన్‌లోనే ఉంది.

నాయన పోయినాడు. రైఫిల్ బీరువాలో ఉంది. తుడిచి నూనె పెట్టుకోవచ్చు గదా?

ముందు దాన్ని పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సు డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. లైసెన్సు మీ పేరుకు వచ్చేదాకా అది మీ దగ్గర ఉండకూడదు. 2016 ఆయుధాల నియమాల్లో వారసులకు లైసెన్సు ఇవ్వడానికి దారి ఉంది. తండ్రి బతికుండగానే ఆయనకు 70 ఏళ్ళు నిండినా, 25 ఏళ్ళు ఆ ఆయుధం ఉంచుకున్నా వారసుడు అడగొచ్చు. ఏది ముందొస్తే అది. ఇది ముందే తెలిసుంటే మా ఇంట్లో ఒక ఏడాది తిరుగుడు తప్పేది. ఇంకో మాట, 2019 సవరణతో ఒక మనిషికి మూడు కాదు, రెండే ఆయుధాలు. తాత తుపాకీ కూడా ఆ రెండింటి లెక్కలోకే వస్తుంది.

మాది దోర్నాల పక్క. అడవి దగ్గరైతే ఇంకేమైనా కాయితాలుంటాయా?

ఉంటాయి, చాలామందికి తెలియదు కూడా. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యం లోపల గానీ, దానికి 10 కిలోమీటర్ల లోపు గానీ ఉండే లైసెన్సుదారు తన పేరు అటవీశాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి. నల్లమల అంచున దోర్నాల, ఎర్రగొండపాలెం వాళ్ళూ, పెంచలకోన చుట్టుపక్కల రాపూరు వాళ్ళూ ఈ సంగతి చూసుకోవాలి. పందులు శనగ చేను తొక్కేశాయని మీ అంతట మీరు కాల్చడానికి లేదు. దానికి 11వ సెక్షన్ కింద రాతపూర్వకంగా అనుమతి రావాలి.

పనికి కూర్చునేటప్పుడు మొదట ఏం చెయ్యాల?

మ్యాగజైను ఊడదీయండి. బోల్టు వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి కంటితో చూడండి, తర్వాత చిటికెన వేలు పెట్టి చూడండి. అప్పుడు బోల్టు బయటికి తీయండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు, వేరే గదిలో తాళం కింద ఉండాలి. పిల్లలు బడికి పోయిన వేళ చూసుకోండి. మా నాన్న అయితే ఇంకొకటి చేసేవాడు. పని అయ్యేదాకా వీధి తలుపుకు గడియ. మధ్యలో ఎవరైనా వచ్చి పలకరిస్తే మాటల్లో పడి ఎక్కడున్నామో మరిచిపోతామని.

## తుడవడం, తుప్పు

నెలకోసారి నూనె పెడతానే ఉన్నా, అయినా తుప్పు వస్తోంది. ఎందుకు?

మూడు కారణాలు చూడండి. మొదటిది తోలు సంచి. చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ చెమ్మను పీల్చి ఇనుముకు అంటిస్తుంది. సంచి ప్రయాణానికే, దాచడానికి కాదు. రెండోది చేతి చెమట. వచ్చిన చుట్టాలందరికీ చూపించి అట్లాగే లోపల పెట్టేస్తే, వారం తర్వాత వేలిముద్ర ఆకారంలోనే తుప్పు లేస్తుంది. నేను చూశాను, బొటనవేలి గీతలు కూడా కనబడ్డాయి. మూడోది ఉప్పుగాలి. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల గట్ల మీద ఇళ్ళున్నవాళ్ళకు ఇది మరీ ఎక్కువ.

చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. ముట్టుకున్న ప్రతిసారీ నూనె గుడ్డతో తుడవండి. కుట్టుమిషన్ నూనె లాంటి పల్చటిది చాలు. బీరువాలో సిలికా జెల్ సంచి పెట్టండి. రంగు మారే రకం కొనండి, నీలం గులాబీ అయిందంటే దాని పని అయిపోయినట్టు. ఓవెన్లో వేడిచేస్తే మళ్ళీ నీలం అవుతుంది. చెక్క కింద దాగి ఉండే గొట్టం భాగానికి నూనె కన్నా మైనం మంచిది. ఏడాదికోసారి చెక్క విప్పినప్పుడు పల్చగా రుద్దితే అది అక్కడే అతుక్కుని ఉంటుంది, నూనెలాగా జారి చెక్కలోకి ఇంకదు.

కొబ్బరినూనె రాస్తే ఏమవుద్ది?

మొదటి నెల నిగనిగలాడుతుంది. మూడో నెలకు జిగురు, ఆరో నెలకు కంపు. ఆ జిగురు బోల్టు లోపలి స్ప్రింగుకు పడితే తూటాను కొట్టే పిన్ను నిదానంగా కదిలి తూటా పేలదు. నువ్వులనూనెకూ ఇదే జవాబు. వంటనూనెలు వంటకే.

గొట్టం లోపల ఎట్టా శుభ్రం చెయ్యాల? పోలీసోళ్ళ మాదిరి తాడుతో లాగితే చాలా?

పుల్‌త్రూ తాడు, ఫ్లానెల్ గుడ్డ రోజువారీ తుడుపుకు చాలు. నాలుగైదు సార్లు కాల్చాక మాత్రం కడ్డీతో చెయ్యాలి. బోల్టు తీసి వెనక నుంచి ముందుకు తోయండి. ముందు మూతి వైపు నుంచి కడ్డీ దూర్చితే మూతి అంచు అరుగుతుంది, గురి చెడడానికి అంతకంటే తేలిక దారి లేదు. తూటా మందు మసిని కరిగించే ద్రావకంలో తడిపిన గుడ్డ ఒకటి పంపి పది నిమిషాలు ఆగండి. తర్వాత కంచు బ్రష్షు, తర్వాత పొడి గుడ్డలు. బ్రష్షును సగంలో వెనక్కి తిప్పకూడదు, పూర్తిగా బయటికి పోయాకే వెనక్కి లాగాలి. గుడ్డ మీద నీలి పచ్చ మరక వస్తోందంటే లోపల రాగి పేరుకుని ఉన్నట్టు. అది పోయేదాకా ఓపిక పట్టండి. చివర పల్చగా నూనె.

పాతకాలపు ప్రైమర్లు (తూటా అడుగున నిప్పు పుట్టించే మందు బిళ్ళలు) ఉన్న తూటాలు కాలిస్తే లోపల ఒక రకం ఉప్పు మిగులుతుంది. నూనెకు అది కరగదు, నీళ్ళకే కరుగుతుంది. గరాటుతో మరుగుతున్న నీళ్ళు వెనక నుంచి పోయండి. గొట్టం వేడెక్కి తనంతట తనే ఆరుతుంది. అప్పుడు తుడిచి నూనె పెట్టండి. తుపాకీలో నీళ్ళు పోస్తావా అని మా అమ్మ కేకలేసేది. అదే దాన్ని కాపాడింది.

ఎర్రగా చిన్న చిన్న చుక్కలొచ్చినాయి. ఎమెరీ కాయితంతో రుద్దనా?

కాయితం జోలికి పోవద్దు. చుక్కతో పాటు చుట్టూ ఉన్న నల్ల పూత కూడా లేచిపోతుంది, మరుసటి వానకు అక్కడ అరచెయ్యంత తుప్పు లేస్తుంది. నూనె రాసి ఒక రాత్రి నాననివ్వండి. పొద్దున ముతక గుడ్డతో రుద్దండి. ఇంకా మొండికేస్తే రాగి ముక్క అంచుతో గీకండి. రాగి ఉక్కు కన్నా మెత్తన కాబట్టి గీత పడదు. నంబరు, ముద్రలు ఉన్న చోట మాత్రం గీకుడే వద్దు. నంబరు చెరపడం 8వ సెక్షన్ కింద నేరం. పాలిష్ మోజులో అరగదీసి, తర్వాత నేను కావాలని చెయ్యలేదంటే వినే నాథుడుండడు.

ఎలక్షన్లకు స్టేషన్లో పెట్టి తెచ్చుకుంటే తుప్పు పట్టి వచ్చింది. ఏం చేసేది?

ఒకసారి నాకూ జరిగింది. రెండు నెలల తర్వాత తెచ్చుకుంటే బోల్టు కదల్లేదు. అక్కడ గది, ర్యాకు, అంతే. ఎవరో వచ్చి మన రైఫిల్ తుడుస్తారని ఎదురుచూడటం మన అమాయకత్వం. ఇప్పుడు ఇచ్చే ముందు రోజు గొట్టం లోపలా బయటా చిక్కటి గ్రీజు పూసి, నూనె కాయితం చుట్టి ఇస్తున్నాను. రసీదు మీద నంబరుతో పాటు ఆయుధం ఏ స్థితిలో ఉందో రాయించుకోండి. ఫోన్లో నాలుగు ఫోటోలు తీసుకోండి. తెచ్చుకున్న రోజు గ్రీజు మొత్తం తుడిచాకే ఇంకే పనైనా. గొట్టంలో గ్రీజు ఉండగా కాలిస్తే ప్రమాదం.

## చెక్క పని

బట్టు చెక్క (భుజానికి ఆనించే వెనక భాగం) పాతబడి నల్లగా అయింది. కొత్తగా చేసుకునేదెట్టా?

ఇంట్లో చేసుకోగల పనుల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. మార్చి, ఏప్రిల్ నెలలు మంచివి, గాలిలో చెమ్మ తక్కువ. ముందు పాత మురికిని టర్పెంటైన్ గుడ్డతో తుడవండి. గుంటలు పడ్డ చోట తడిగుడ్డ పరిచి పైన ఇస్త్రీపెట్టె పెడితే ఆవిరికి చెక్క ఉబ్బి గుంట పైకి లేస్తుంది. విరిగిన నారను అది అతికించదు గానీ నొక్కుకుపోయిన గుంట చాలా వరకు పోతుంది. తర్వాత 220 నంబరు కాయితం, ఆపైన 400. ఎప్పుడూ నార పోయే దారిలోనే రుద్దాలి. ఇనుముకు ఆనుకునే అంచులను మాత్రం రుద్దకండి. అక్కడ అర మిల్లీమీటరు పోయినా సందు కనబడుతుంది, పట్టు తప్పుతుంది.

మెరుగుకు అవిసె నూనె, అదీ ఉడికించిన రకం. పచ్చి నూనె ఆరడానికి వారాలు పడుతుంది. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని చెక్క వెచ్చబడేదాకా రుద్దాలి, పావుగంట తర్వాత మిగిలిందంతా తుడిచెయ్యాలి. రోజుకొక పూత, పది రోజులు. నూనె ఎక్కువ పోస్తే ఎక్కువ మెరుపు రాదు, జిగట వస్తుంది. సన్నపని చేతికి అలవాటవ్వాలంటే ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసేవాళ్ళను ఒక పూట చూసి రండి. కాయితం ఎంత తేలిగ్గా పట్టుకుంటారో అప్పుడు తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు వాటికవే వేడెక్కి అంటుకుంటాయి. మన ఒంగోలు ఎండలో ఇంకా త్వరగా. విడదీసి తీగ మీద ఆరబెట్టండి, లేదా నీళ్ళ డబ్బాలో ముంచండి.

బట్టు విప్పేటప్పుడు ముందు చెక్క పగిలిందన్నా! నేనేం తప్పు చేశాను?

వరస తప్పారు. పంతొమ్మిదేళ్ళప్పుడు నేనూ సరిగ్గా ఇదే చేసి వారం రోజులు నాన్న కంటపడకుండా తిరిగాను. లీ ఎన్‌ఫీల్డ్ (పాత బ్రిటిష్ సైనిక రైఫిల్) తరహా రైఫిళ్ళలో చెక్క రెండు ముక్కలు. వెనక బట్టును పట్టి ఉంచే పొడుగు బోల్టు బట్టు లోపల దాగి ఉంటుంది. దాని కొస పలకలుగా ఉండి ముందు చెక్కలోని పట్టీలో ఇరుక్కుంటుంది. ముందు చెక్క తీయకుండా ఆ బోల్టు తిప్పితే పలకల కొస తిరిగి ముందు చెక్కను చీలుస్తుంది. కాబట్టి ముందు చెక్క మొదట, బట్టు తర్వాత. పెట్టేటప్పుడు బట్టు మొదట, ముందు చెక్క తర్వాత. మీ రైఫిల్ ఏ తరహాదో తెలియకపోతే బట్టు విప్పనే వద్దు.

చిన్న చీలిక అయితే మంచి చెక్క జిగురుతో, బిగింపుతో అతుకుతుంది. ట్రిగ్గరు దగ్గర, ఇనుము వెనక్కి తన్ని ఆనే చోట చీలితే అది ఆర్మరర్ పని.

ఎర్రచందనంతో కొత్త బట్టు చేయిస్తే అదిరిపోద్ది గదా?

మీ మీద రెండు శాఖలు కేసు పెడతాయి, అదిరిపోయేది అదొక్కటే. సరైన కాయితాల్లేని ఎర్రచందనం ముక్క ఇంట్లో ఉండటమే నేరం. పోనీ కాయితాలున్నా, ఆ చెక్క బరువెక్కువ. రైఫిల్ బట్టుకు వాల్‌నట్ వాడటానికి కారణం ఉంది, తన్నును ఓర్చుకుంటుంది, చెమ్మకు పెద్దగా మెలితిరగదు. మన దగ్గర టేకు దొరుకుతుంది, పనికొస్తుంది. ఒక్కటి చూడండి, చేతితో పట్టుకునే సన్నటి మెడ దగ్గర నార పొడుగునా పోవాలి. అడ్డంగా పోయే చెక్క అయితే ఏదో ఒక రోజు అక్కడే విరుగుతుంది. వడ్రంగి దగ్గరికి చెక్క ఒక్కటే తీసుకెళ్ళండి, ఇనుము బీరువాలోనే ఉండాలి.

బట్టు పొట్టిగా ఉంది, ముక్కుకు బొటనవేలు తగులుతోంది.

వెనక తొడిగే రబ్బరు బూటు కొనండి. చెక్క కోయక్కర్లేదు, మేకు కొట్టక్కర్లేదు, తన్ను కూడా తగ్గుతుంది. సరైన పొడుగు తెలుసుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. మోచెయ్యి వంచి, బట్టు వెనక భాగాన్ని మోచేతి మడతలో ఆనిస్తే చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గరుకు అందాలి. లెక్క మరీ కచ్చితం కాదు గానీ పనికొస్తుంది.

గొట్టం చెక్కకు తగలకుండా లోపల గాడి పెద్దది చేస్తే గురి బాగుపడుద్దని విన్నాను. నిజమేనా?

అన్ని రైఫిళ్ళకూ కాదు. ఒకే ముక్క చెక్క ఉన్న కొత్త తరహా వాటికి నిజం. పది రూపాయల నోటు మడవకుండా గొట్టానికీ చెక్కకూ మధ్య దూర్చి వెనక్కి జరపండి. ఎక్కడా తగలకుండా పోతే మంచిదే, ఒక చోట ఆగితే అక్కడ చెక్క తోస్తున్నట్టు. వానాకాలంలో చెక్క ఉబ్బి తోస్తుంది, ఎండాకాలం వదిలేస్తుంది. అందుకే కొందరికి నవంబరులో ఒక గురి, మేలో ఒక గురి. లీ ఎన్‌ఫీల్డ్ తరహాలో మాత్రం గొట్టం ముందు కొసను చెక్క కొంచెం పైకి తోస్తూ ఉండేలా కావాలనే చేస్తారు. విన్నదాన్ని నమ్మి అక్కడ గాడి తవ్వినవాళ్ళ రైఫిళ్ళు రెండు చూశాను. రెండూ చెడ్డాయి.

## గురి, ట్రిగ్గరు

ట్రిగ్గరు మొదట వదులుగా పోయి తర్వాత గట్టిపడుతోంది. ఎట్టా తగ్గించాల?

అది లోపం కాదు, దాన్ని అట్లాగే చేశారు. సైనిక రైఫిళ్ళ వంశంలో ట్రిగ్గరుకు రెండు అంచెలు. మొదటి అంచె ఖాళీ లాగుడు, రెండో అంచెలోనే పేలుతుంది. మొదటిది దాటి వేలికి గట్టిగా తగిలే చోట ఆగడం, అక్కడ ఊపిరి బిగబట్టి నొక్కడం నేర్చుకుంటే అదే మీకు మేలు చేస్తుంది. లోపలి కొక్కేన్ని రాసి తేలిక చేస్తామనేవాళ్ళకు రైఫిల్ ఇవ్వకండి. కొక్కెం పట్టు తగ్గితే నేల మీద పడ్డా, బోల్టు గట్టిగా వేసినా పేలుతుంది. తేలిక చేయాల్సింది వేలిని. దుమ్ము, ఎండిన నూనె కడిగిస్తేనే సగం బరువు తగ్గిన రైఫిళ్ళు చాలా ఉన్నాయి.

తూటా లేకుండా ఇంట్లో అభ్యాసం చేస్తే పిన్ను విరుగుద్దా?

.22 అయితే చెయ్యకండి. అందులో పిన్ను తూటా అంచును కొడుతుంది, తూటా లేకపోతే ఛాంబర్ అంచునే కొట్టి గుంట చేస్తుంది. .315 లాంటి మధ్యలో కొట్టే రకాలకు ఉత్తుత్తి తూటాలు పెట్టుకుని చెయ్యొచ్చు. గొట్టం మూతి దగ్గర ఒక రూపాయి బిళ్ళ పెట్టి, పడకుండా ట్రిగ్గరు నొక్కండి. రోజుకు ఇరవై సార్లు, నెల రోజులు. రైఫిల్ మీద పెట్టే ఏ ఖర్చూ ఇంత ఫలితం ఇవ్వదు. గోడ వైపే తిప్పి చెయ్యండి, ఆ గోడకు అవతల మనుషులుండే గది కాకూడదు.

గుండు ఎప్పుడూ కిందికే తగుల్తోంది. ముందు గురి (గొట్టం కొసన నిలబడే బ్లేడు) రాసి తగ్గించనా?

తగ్గించాల్సింది ముందు గురే, నిజమే. ముందు గురి పొట్టిదైతే గుండు పైకి పోతుంది. కానీ ఆకురాయితో కాదు, పొట్టి బ్లేడు మార్పించి. ఎంత పొట్టిదో లెక్క ఉంది. రెండు గురుల మధ్య దూరాన్ని ఎంత కిందికి తగిలిందో దానితో గుణించి, లక్ష్యం దూరంతో భాగించాలి. గురుల మధ్య 500 మిల్లీమీటర్లు, 100 మీటర్లలో 10 సెంటీమీటర్లు కిందికి తగులుతోందనుకోండి. అర మిల్లీమీటరు పొట్టిది కావాలి. అర మిల్లీమీటరే! ఆకురాయి రెండు సార్లు ఇటూ అటూ పోతే అయిపోతుంది. మూడోసారి పోయిందంటే మళ్ళీ పెంచేదెట్టా?

ఎండకు ముందు గురి మెరిసి కనబడ్డంలేదు.

దీపం మసి. ఆముదం దీపం మీద కాసేపు పట్టి నల్లబరచండి. మైనపొత్తి అయినా సరే. రేంజిల్లో పాత షూటర్లందరూ చేసేదే. చూపు ముందు గురి మీదే నిలపాలి, వెనక గురి, లక్ష్యం రెండూ కొంచెం మసకగా కనబడాలి. నలభై దాటినవాళ్ళు ఒకసారి కళ్ళ డాక్టరు దగ్గరికి పోయి రావడం మంచిది. మా మిత్రుడొకాయన రెండేళ్ళు రైఫిల్‌ను తిట్టి, శుక్లం ఆపరేషన్ అయ్యాక ఊరుకున్నాడు.

స్కోపు పెట్టించుకోవాలంటే?

రంధ్రాలు వెయ్యకుండా బిగించే మౌంటు ఉంటే దానికే పోండి. బోల్టు కదిలే ఇనుప భాగమైన రిసీవర్‌కు రంధ్రం వేయాల్సి వస్తే లైసెన్సు ఆర్మరర్ వెయ్యాలి, ముందు మీ డీలరును అడిగి నియమాలు తెలుసుకోండి. బిగించాక గురి తప్పితే స్కోపును అనుమానించే ముందు స్క్రూలు చూడండి. పదిలో ఎనిమిది సార్లు అక్కడే ఉంటుంది తంటా.

సైలెన్సరు?

చట్టంలో అది తుపాకీతో సమానం. శబ్దాన్ని గానీ మంటను గానీ తగ్గించే పరికరాన్ని తుపాకీ నిర్వచనంలోనే చేర్చారు. ఇంట్లో చేసే ఆలోచన కూడా వద్దు.

## తూటాలు, రేంజి

బోల్టు ముందుకు తోసేటప్పుడు తూటా ఇరుక్కుంటోంది. మ్యాగజైను స్ప్రింగు పోయిందా?

స్ప్రింగు కన్నా ముందు నింపే తీరు చూడండి. .315 తూటాకు అడుగున అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. వెనక పడితే రెండూ కొక్కెం పడి ఇరుక్కుంటాయి. ఒక్కొక్కటి పెట్టేటప్పుడు వేలితో వెనక్కి జరిపి, తర్వాతది దానికి ముందుగా పెట్టండి. మ్యాగజైను మార్పించేద్దామని నెల్లూరు నుంచి చెన్నై దాకా పోయి, అక్కడ రెండు నిమిషాల్లో ఈ సంగతి విని తిరిగొచ్చినవాళ్ళు నాకు తెలుసు.

బోల్టు మూసేటప్పుడే బిగువుగా ఉంది, తెరిచేటప్పుడు తేలిక. సరిచేయించాలా?

అక్కర్లేదు. లీ ఎన్‌ఫీల్డ్ తరహాలో మూసేటప్పుడే స్ప్రింగు బిగుస్తుంది. వేరే రైఫిల్ కాల్చి వచ్చినవాళ్ళకు తేడాగా అనిపిస్తుంది. పక్కింటాయన రైఫిల్ బోల్టు వేసి చూద్దామనే ఆలోచన మాత్రం చేయకండి. ఏ బోల్టు ఆ రైఫిల్‌కే అమర్చి ఉంటుంది, నంబర్లు కలవాలి.

ఇంట్లో తూటాలు నింపుకుంటే ఖర్చు తగ్గుద్ది గదా?

తూటా నింపడం కూడా తయారీయే, దానికీ లైసెన్సు కావాలి. మందు ఒక చిటికెడు తేడా వస్తే రైఫిల్ పోవచ్చు, కన్నూ పోవచ్చు. ఒకే బ్యాచి నంబరున్న తూటాలు ఒక్కసారే కొనుక్కోవడం గురికి చాలా మేలు చేస్తుంది. ఇది చట్టబద్ధం కూడా. వాటిని మే నెల ఎండలో కారు డిక్కీలో వదిలేయకండి, వేడెక్కిన తూటాలో ఒత్తిడి పెరుగుతుంది.

రేంజిలో మొదటి గుండు ఎప్పుడూ వేరే చోట తగుల్తోంది. రైఫిల్ చెడిందా?

గొట్టంలో నూనె ఉండి ఉంటుంది. కాల్చే ముందు రెండు పొడి గుడ్డలు పంపండి. ఛాంబర్ కూడా పొడిగా ఉండాలి. అక్కడ నూనె ఉంటే తూటా గుల్ల ఛాంబర్ గోడను పట్టుకోలేక బోల్టును ఎక్కువ జోరుగా తంతుంది. అయినా మొదటిది వేరుగా పోతే దాన్ని లెక్కలోకి తీసుకోకండి, కొన్ని రైఫిళ్ళ స్వభావమే అంత.

గురి సరిచేసుకునేటప్పుడు ముందు 50 మీటర్లలో, తర్వాత 100లో. మూడు గుండ్లు చూసి స్క్రూ తిప్పేయకండి, ఐదు కాల్చి వాటి మధ్యబిందువు చూడండి. ఐదుకోసారి గొట్టం చేతికి చల్లబడేదాకా ఆగండి. ఒక్కసారి ఒక్కటే మార్చండి. చెక్క స్క్రూ, గురి, తూటా మూడూ ఒకేరోజు మార్చి, ఇప్పుడు దేనివల్ల బాగుపడిందని నన్నడిగితే నేనేం చెప్పను? చిన్న పుస్తకం పెట్టుకుని తేదీ, ఎండ, గాలి, స్క్రూ ఎంత తిప్పారో రాసుకోండి.

మా పొలంలో డబ్బా పెట్టి కాల్చుకుంటే కుదర్దా?

కుదరదు. రైఫిల్ గుండు మీ పొలం గట్టు దగ్గర ఆగదు, కిలోమీటర్లు పోతుంది. మన నేల బల్లపరుపు, ఆపేందుకు గుట్ట కూడా ఉండదు. షూటింగ్ క్లబ్బు రేంజికి గానీ, అనుమతి తీసుకుని పోలీసు రేంజికి గానీ పోవాలి. పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో గాలిలోకి కాల్చడం 2019 సవరణతో ప్రత్యేక నేరం. రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

లైసెన్సు రాలేదు ఇంకా. ఈలోగా ఎయిర్ రైఫిల్‌తో నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ళు దాటని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు 2016 నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు. స్ప్రింగు మార్చి శక్తి పెంచితే మాత్రం ఆ మినహాయింపు పోతుంది. రొయ్యల చెరువుల దగ్గర కొంగల మీదా కాకుల మీదా వాడటానికి అడిగేవాళ్ళకు ఒక మాట. వన్యప్రాణి చట్టంలో పీడ జంతువుల షెడ్యూలు ఒకటి ఉండేది, కాకి అందులోనే ఉండేది. 2022 సవరణలో ఆ షెడ్యూలే ఎత్తేశారు, కాబట్టి ఆ మినహాయింపు ఇప్పుడు కాకికీ లేదు. చెరువు మీద తీగలు లాగి వల కట్టుకోండి.

తుఫాను హెచ్చరిక వచ్చింది, ఊరు ఖాళీ చెయ్యమంటున్నారు. రైఫిల్ ఏం చెయ్యను?

ఇంట్లో వదిలి పోవద్దు. లైసెన్సు పుస్తకం, రసీదులు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, దగ్గర్లోని స్టేషన్లో గానీ డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయండి. అంత టైము లేకపోతే సంచిలో పెట్టి మీ వెంటే ఉంచుకోండి, తూటాలు విడిగా. పునరావాస కేంద్రంలోకి తీసుకెళ్ళే ముందు అక్కడున్న పోలీసుకు చెప్పి, ఆయన ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టండి. నీళ్ళలో మునిగితే మంచినీళ్ళతో కడగండి, తుప్పు పట్టడానికి సముద్రపు నీరు ఒక్క రాత్రి ఉన్నా చాలు. చెక్క విప్పి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే చీలుతుంది. ఇనుమంతా నూనెలో తడపండి. ఆర్మరర్ చూసి సరే అనేదాకా కాల్చకండి.